చివరి కుళాయి దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్థలాల గురించే. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచీ మన విజయనగరం జిల్లాలో ఇద్దరు కలిస్తే గజం ఎంత పలుకుతోందన్నదే కబురు. ఇల్లు కొనబోయేవాళ్ళు రాశారు, పొలం అమ్మాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్ళు రాశారు, ఊరి చివరికి చేరాక అవస్థ పడుతున్నవాళ్ళూ రాశారు. నేను ఉద్యోగమంతా మున్సిపల్ నీటి సరఫరాలో చేసినదాన్ని. ఊరు పెరుగుతోందంటే నా కళ్ళకి ముందు పైపులైనే కనిపిస్తుంది. అందుకని జవాబుల్లో నీళ్ళ మాట కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న: తోటపాలెంలో అద్దెకుంటున్నాం. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. మా ఆవిడ కోట జంక్షన్ దగ్గర ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తుంది. పాప మూడో తరగతి. మా దగ్గరున్న డబ్బుకి, పెట్టే లోనుకి రెండే దారులున్నాయి. డెంకాడ దాటాక ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొని చిన్న ఇల్లు కట్టుకోవడం, లేదా ఊళ్ళో పాత అపార్టుమెంటులో రెండు పడగ్గదుల ఫ్లాటు. "అపార్టుమెంటులో గోడా మనది కాదు, నేలా మనది కాదు" అంటారు మా నాన్నగారు. మీరేమంటారు?
– ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, మీ నాన్నగారిది తీసిపారేసే మాట కాదు. వాళ్ళ తరంలో నేల కొని నష్టపోయినవాళ్ళు తక్కువ. అయితే ఆయన ఆస్తి గురించి మాట్లాడుతున్నారు, మీరు కాపురం గురించి అడుగుతున్నారు. రెండింటికీ ఒకే లెక్క వేస్తే కుదరదు.

ముందు ఆ వెంచర్‌కి బ్రోకరు లేకుండా, పొద్దుగూకాక ఒకసారి వెళ్ళండి. ఆర్చి గేటు, రంగులేసిన హద్దు రాళ్ళు, రెండు వరసల కొబ్బరి మొక్కలు పగలు ఎవరికైనా బాగానే కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఎన్ని ఇళ్ళల్లో దీపం వెలుగుతోందో లెక్కపెట్టండి. మీకు ఇరుగూ పొరుగూ అయ్యేది ఆ దీపాలే.

ఎందుకు చెబుతున్నానంటే, 200 గజాల ప్లాటు మామూలుగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉంటుంది. వంద మీటర్ల వీధిలో ఒక పక్క సుమారు 11, రెండు పక్కలా కలిపి 22 ప్లాట్లు పడతాయి. అన్నిట్లోనూ ఇళ్ళు లేచి, మేడ మీద ఒక వాటా అద్దెకిస్తే 44 కుటుంబాలు. ఆ 44 కుటుంబాలకి వేసే పైపూ, కాలువా, రోడ్డూ, స్తంభాలూ నాలుగిళ్ళున్నా అంతే వెయ్యాలి. వంద మీటర్లు వంద మీటర్లే కదా. మన ఊళ్ళ చుట్టూ ఇప్పుడు జరుగుతున్నది రెండోదే. నాలుగు ఇళ్ళు లేస్తాయి, మిగతా పద్ధెనిమిది ప్లాట్లూ ఎక్కడో హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నవాళ్ళ పేరు మీద తుమ్మ మొక్కలు మొలిచి పడి ఉంటాయి. నలుగురి పన్నుతో అంత ఖర్చు ఏ పంచాయతీ భరించగలదు? భరించలేదు కాబట్టే బోరు, బోరు ఎండితే ట్యాంకరు.

పోనీ, పైపు వేశారే అనుకుందాం. మేం నీళ్ళు పరీక్ష చేసేటప్పుడు ట్యాంకు పక్కింట్లో చెయ్యం, లైను చిట్టచివర ఉన్న ఇంటికి వెళతాం. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి రెండు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. జనం కిక్కిరిసి ఉన్న పాత వీధుల్లో చుక్క పడగానే పసుపు పొడ చూపేది. ఇళ్ళు పలచగా ఉన్న కొత్త లేఔట్ల చివర మాత్రం ఆ గొట్టం ఎంతసేపు పట్టుకున్నా తెల్లగానే ఉండేది. మాతో వచ్చే టర్న్‌కాక్ (వాల్వులు తిప్పే ఉద్యోగి) ఒకాయన దాన్ని వెలుగుకి ఎత్తి చూసి "చచ్చిన నీళ్ళమ్మా" అనేవాడు. వాడేవాళ్ళు లేక నీళ్ళు పైపులోనే నిలవ ఉండిపోతాయి, దారిలోనే క్లోరిన్ అయిపోతుంది. పైగా రోజుకి గంటో రెండు గంటలో వదిలే ఊళ్ళల్లో మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఎక్కడైనా జాయింటు కారితే పక్క కాలువలోని మురుగు ఆ ఖాళీ పైపులోకి లాగేస్తుంది. పదిమందీ దగ్గరగా ఉండి వాడుకునే లైనే ఆరోగ్యంగా ఉంటుంది. ఇది నేను ఎన్నో వీధుల్లో కళ్ళారా చూసిన సంగతి.

విజయనగరానికి నీళ్ళు అసలే దగ్గర్లో లేవు. నెల్లిమర్ల వైపు చంపావతి నుంచీ, ముషిడిపల్లి నుంచీ తెచ్చుకుంటున్నాం. అంత దూరం నుంచి వచ్చిన నీళ్ళని ఊరు దాటించి ఇంకో పది కిలోమీటర్లు తోయాలంటే కరెంటు ఖర్చెంత, మధ్యలో కారిపోయేదెంత?

ఇక మీ ఇంటి లెక్క. ఇప్పుడు మీ ఆవిడ షాపుకి నడిచో, షేర్ ఆటోలోనో వెళ్తోంది. అటు వెళ్తే రెండో స్కూటరు తప్పదు. పాప స్కూలు బస్సు కోసం పొద్దున్న ఏడు కాకుండానే రోడ్డెక్కాలి. రాత్రి ఒకరికి జ్వరమొస్తే తోడుకి ఎవరున్నారు? ఈ ఖర్చులేవీ ప్లాటు ధరలో కనిపించవు, ప్రతి నెలా జేబులోంచి మాత్రం పోతుంటాయి.

నా సలహా ఫ్లాటే. కాకపోతే కళ్ళు మూసుకుని కొనకండి. మీ వాటాకి నేల ఎన్ని గజాలు రాస్తున్నారో దస్తావేజులో చూడండి. మీ నాన్నగారికి చూపించాల్సిన కాగితం అదే, నేల మీకూ వస్తుంది. కింద సంపు ఎంత ఉంది, మున్సిపల్ కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తోందా, సెప్టిక్ ట్యాంకు పొంగి కాలువలోకి వెళ్తోందా, శ్లాబు అడుగున చువ్వలు తుప్పు పట్టాయా, ఇవన్నీ మేడమెట్ల కిందా, పైకప్పు మీదా తిరిగి చూస్తే తెలిసిపోతాయి. ఆయన ప్లాటే కావాలని పట్టుబడితే మూడు కాగితాలు అడగండి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఒకటి. లేఔట్ రోడ్లూ, 10 శాతం ఖాళీ జాగా స్థానిక సంస్థకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ ఇంకొకటి. లేఔట్ అనుమతి ఇచ్చేటప్పుడు తనఖా పెట్టించుకున్న ప్లాట్లు విడుదలయ్యాయన్న కాగితం మూడోది. పనులు పూర్తయితేనే ఆ తనఖా విడుస్తారు. అది లేదంటే రోడ్డూ కాలువా ఇంకా కాగితం మీదే ఉన్నాయన్నమాట.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో సెమినార్ ఉంది. 'అభివృద్ధి చెందుతున్న దేశాల నగరాలకు జనసాంద్రతే శాపం' అనేది అంశం. నేను వ్యతిరేకంగా మాట్లాడాలి. ఏం చెప్పను? అందరూ నా మీద పడతారని టెన్షన్‌గా ఉంది.
– ఓ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: టెన్షన్ పడకు తల్లీ, నీ పక్షమే గట్టిది. అందరూ ముంబైలో గదికో కుటుంబం ఉండే చాల్‌లూ, ధారావి మురికివాడా చూపిస్తారు. నువ్వు ముందే ఆ ఉదాహరణ తీసుకో. ఒక ఎకరంలో ఎంతమంది ఉన్నారన్నది ఒక లెక్క, ఒక గదిలో ఎంతమంది పడుకుంటున్నారన్నది ఇంకో లెక్క. జనాన్ని బాధపెట్టేది రెండోది. ముంబై దీవి ప్రాంతంలో చాలాకాలం పాటు అంతస్తులన్నీ కలిపి స్థలం విస్తీర్ణానికి 1.33 రెట్లకి మించి కట్టకూడదన్న నిబంధన ఉండేది. జనాన్ని అదుపు చెయ్యాలన్నది ఆలోచన. జనం ఆగారా? పని ఉన్నచోటికి మనిషి వచ్చి తీరతాడు. గదులే పెరగలేదు. ఉన్న గదుల ధర ఆకాశానికి పోయింది, మామూలు మనిషి మురికివాడలో చేరాడు. 2011 జనగణన నాటికి బృహన్ముంబైలో సుమారు 41 శాతం మంది మురికివాడల్లోనే ఉన్నారు. ఎత్తు తగ్గించినంత మాత్రాన ఇరుకు తగ్గలేదు, ఇంకా పెరిగింది.

తర్వాత బ్రెజిల్‌లో కురిటిబా గురించి చెప్పు. 1974లో వాళ్ళు కొన్ని పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకి మాత్రమే దారి వేసి, ఆ రోడ్ల పక్కనే ఎత్తైన భవనాలకి అనుమతిచ్చారు. జనం ఎక్కువ ఉన్నచోటే బస్సు, బస్సున్నచోటే జనం. డబ్బున్న దేశమేమీ కాదు, మెట్రో రైలు తవ్వించలేదు. జనాన్ని దగ్గరగా ఉంచడం వల్లే బస్సుతో పని జరిగింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన నగరాలు రాన్రానూ చిక్కబడుతున్నాయని అందరూ అనుకుంటారు. నిజానికి పలచబడుతున్నాయి. ప్రపంచ బ్యాంకు 2005లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం 1990 నుంచి 2000 దాకా అభివృద్ధి చెందుతున్న దేశాల నగరాల్లో సాంద్రత ఏటా 1.7 శాతం చొప్పున తగ్గింది. అదే తీరు సాగితే 2030 నాటికి జనాభా రెట్టింపయ్యేసరికి నగరాలు ఆక్రమించే నేల 2 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి 6 లక్షలు దాటుతుందని లెక్క వేశారు. జనం రెండింతలైతే నేల మూడింతలు. ఆ నేల ఎవరిది? వరి పండేది, చెరువు నిండేది.

అలాగని ఊరు పెరగకూడదని మాత్రం వాదించకు. అక్కడే నిన్ను పట్టుకుంటారు. ఆ అధ్యయనం చేసినవాళ్ళలో ఒకరైన శ్లోమో ఏంజెల్ వాదన ఏమిటంటే, పెరిగే ఊరిని ఆపలేం, కనీసం పెద్ద రోడ్లకీ, ఉద్యానవనాలకీ కావాల్సిన జాగా ముందే గుర్తించి పట్టి ఉంచుకోవాలి. ఇథియోపియాలో అదామా, హవాసా లాంటి ఊళ్ళు ఆ పద్ధతి మొదలెట్టాయి. రోడ్డు ముందు, ప్లాటు తర్వాత. మన దగ్గర ప్లాటు ముందు, రోడ్డు కోసం కోర్టు తర్వాత.

చివరికి నీ ఊరి మాట చెప్పు. శ్రీకాకుళం పేరుతో ఉన్న రైల్వే స్టేషన్ ఊళ్ళో లేదు, పక్క ఊరు ఆమదాలవలసలో ఉంది. అయినా ఊరికి ఇబ్బంది లేకుండా నడుస్తోందంటే రెండు చివర్లా జనం గుమిగూడి ఉన్నారు కాబట్టే, బస్సులకీ ఆటోలకీ గిట్టుబాటవుతోంది కాబట్టే. అదే జనాన్ని హైవే వెంట ఎచ్చెర్ల దాకా ఒక్కో ఇల్లు చొప్పున పరిచేస్తే ఏ బస్సు ఎవరి గుమ్మం ముందు ఆగాలి? ఈ ప్రశ్న నువ్వే వాళ్ళని అడుగు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన కాలనీలో మాకు ఇల్లొచ్చింది. సొంతిల్లు, సంతోషమే. నేను కంటోన్మెంటు వైపు నాలుగిళ్ళల్లో పని చేసేదాన్ని. పొద్దున్న ఆరింటికి అక్కడుండాలి, ఆ టైముకి ఆటోలుండవు. రెండిళ్ళు మానేశాను. ఇంటికి తాళం వేసి మళ్ళీ ఊళ్ళో అద్దెకి పోదామంటున్నాడు మా ఆయన.
– ఓ తల్లి, విజయనగరం దగ్గర

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. తప్పు నీది కాదు, మీ ఆయనది కూడా కాదు. ఇల్లు అంటే నాలుగు గోడలూ కప్పూ అనుకున్నచోటల్లా ఇదే జరిగింది. మెక్సికో దేశంలో 2000 తర్వాత లోన్లిచ్చి ఊళ్ళకి దూరంగా లక్షల ఇళ్ళు కట్టించారు. 2010 జనగణనలో చూస్తే దేశం మొత్తం మీద సుమారు 50 లక్షల ఇళ్ళు ఖాళీగా తేలాయి. కారణాలు చాలా ఉన్నాయి కానీ, పని ఒకచోట, ఇల్లు ఇంకోచోట కావడం వాటిల్లో పెద్దది.

మీకు కావాల్సింది పొద్దున్న అయిదున్నరకి ఒక బస్సు, సాయంత్రం ఒకటి. మీ కాలనీలో ఊళ్ళోకి పనికెళ్ళే ఆడవాళ్ళ పేర్లూ, ఎవరు ఏ టైముకి ఎక్కడికి వెళ్ళాలో ఒక కాగితం మీద రాయించండి. డ్వాక్రా సంఘం ద్వారా అయితే సులువు. బస్సులో సీట్లు ఎంత నిండుతాయన్నదే ఆర్టీసీ వాళ్ళు చూస్తారు. మీ కాగితమే ఆ లెక్క. డిపో మేనేజరుకి ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక కాపీ ఇవ్వండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా. బస్సు వచ్చిందంటే ఆటో డబ్బులు కూడా మిగులుతాయి. ఇంటికి తాళం వేసే ముందు మాత్రం ఇంటి కాగితంలో ఏ షరతులు రాసి ఉన్నాయో సచివాలయంలో చదివించుకో. తొందరపడి ఎవరికీ సంతకం పెట్టి ఇవ్వకు.

ఈ పత్రిక చదివే అధికారులెవరైనా ఉంటే ఒక మాట. ఊరి మధ్యలో వాడకుండా పడున్న ప్రభుత్వ స్థలాలు చాలా ఉన్నాయి. పేదవాళ్ళకి అక్కడ మూడంతస్తుల ఇళ్ళు కడితే ఈ తల్లి నడిచి పనికెళ్ళేది.

ప్రశ్న: మాది విజయనగరం ఆనుకుని ఉన్న పల్లె. రెండెకరాల మెట్ట ఉంది, పక్కనే గెడ్డ (వాగు). చుట్టూ ముగ్గురు అమ్మేశారు. గెడ్డ పూడ్చి దాని మీంచి రోడ్డు వేస్తాం, నువ్వు అమ్మకపోతే నీకు దారుండదు అంటున్నారు వెంచర్ వాళ్ళు. ఏం చెయ్యాలి?
– ఓ రైతు

జవాబు: అన్నయ్యా, గెడ్డ ఎవరి అబ్బ సొత్తూ కాదు. అది ప్రభుత్వ భూమి, అమ్మడానికీ పూడ్చడానికీ ఎవరికీ హక్కు లేదు. ముందు సర్వేయరు దగ్గర మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకోండి. గెడ్డ ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో అందులో గీత గీసి ఉంటుంది. మన జిల్లాలో చాలా ఊళ్ళు పాత జమీందారీవి కాబట్టి సెటిల్‌మెంట్ అడంగల్ కూడా చూడండి. అమ్మకాలు నిషేధించిన 22-ఎ జాబితాలో పక్క నంబర్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఇవి చేతిలో పెట్టుకుని తహసీల్దారుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పొలానికి వెళ్ళే దారి మీరు తరతరాలుగా వాడుతున్నదైతే ఎవరో కొన్నంత మాత్రాన అది మూసుకుపోదు. బెదిరింపుకి లొంగి అమ్మకండి.

గెడ్డ పూడిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పై చెరువు నిండి పొర్లితే ఆ నీళ్ళు కింద చెరువుకి చేరే దారి అదే. దారి మూస్తే నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. పూడ్చినవాడు అప్పటికి ప్లాట్లన్నీ అమ్ముకుని వెళ్ళిపోయి ఉంటాడు. తుపాను రోజుల్లో మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి వాల్వులు కట్టేసినదాన్ని, ఏ కాలనీ ఎందుకు మునిగిందో ప్రతిసారీ ఒకటే కారణం కనిపించేది.

అమ్మక తప్పని రోజే వస్తే ఇంకో దారి కూడా ఉందని మీ ఊళ్ళో నలుగురికీ తెలియాలి. అహ్మదాబాద్‌లో రైతులు ఒక్కొక్కరూ విడిగా అమ్ముకోకుండా, ఒక ప్రాంతంలో పొలాలన్నీ కలిపి ప్రణాళిక వేస్తారు. రోడ్లకీ, కాలువలకీ, బడికీ, పార్కుకీ కొంత తీసి, మిగిలింది సరైన ఆకారంలో ఎవరిది వాళ్ళకి తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, రోడ్డు ముఖం వస్తుంది కాబట్టి విలువ పెరుగుతుంది. 1915 నాటి బొంబాయి చట్టంతో మొదలై, 1976 గుజరాత్ చట్టంతో ఇప్పటికీ నడుస్తోంది. భుజ్ పట్టణాన్ని 2001 భూకంపం తర్వాత ఇలాగే తిరిగి కట్టుకున్నారు. మన రాష్ట్రంలో అమరావతికి వేల ఎకరాలు సమీకరించినప్పుడు ఈ పద్ధతి పెద్ద ఎత్తున చూశాం. రాజధానికే కాదు, విజయనగరం చుట్టూ ఉన్న చిన్న చిన్న పల్లెలకీ ఇది కావాలి. యాభై ఎకరాలు కలిపినా చాలు, గెడ్డ గెడ్డలాగే ఉంటుంది, రోడ్డు రోడ్డులాగే పడుతుంది. దీన్ని గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి.

ప్రశ్న: జనం దగ్గరగా ఉండటమే మంచిదని మీరు రాస్తుంటారు. మా వీధిలో పాత పెంకుటిళ్ళు పడగొట్టి అయిదంతస్తులు లేపుతున్నారు. పక్కవాళ్ళు గోడ ఆనించి పునాది తీశారు. మా వంటింట్లోకి వెలుతురు పోతుంది. ఇదీ మంచిదేనా?
– ఓ గృహిణి, దాసన్నపేట

జవాబు: కాదమ్మా, ముమ్మాటికీ కాదు. దగ్గరగా ఉండటానికీ ఒక మర్యాద ఉంది. అది గోడకీ గోడకీ మధ్య వదిలే జాగా. ఎత్తు కట్టుకోనివ్వచ్చు, కానీ గాలీ వెలుతురూ, అగ్నిప్రమాదం జరిగితే నిచ్చెన వేసే చోటూ మిగలాలి. స్థలం ఎంత, ఎత్తు ఎంత, ముందున్న రోడ్డు ఎంత అన్నదాన్ని బట్టి ఎన్ని అడుగులు వదలాలో నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అది వదలకుండా కట్టిన ఇళ్ళు చూసే చాలామంది ఊళ్ళో ఉండలేం అని ఊరి బయటకి పోతున్నారు. ఊరు చెదిరిపోకుండా ఉండాలని కోరుకునేవాళ్ళు ముందు పట్టుబట్టాల్సింది దీని మీదే.

ఇంకా పునాది దశలోనే ఉందన్నారు కాబట్టి ఆలస్యం చెయ్యకండి. సమాచార హక్కు చట్టం కింద ఆ ఇంటి మంజూరైన ప్లాను నకలు అడుగుతూ టౌన్ ప్లానింగ్ విభాగానికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈలోగా పునాది గోతి మీ ప్రహరీకి ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకుని, కమిషనరుకి వేరే ఫిర్యాదు ఇవ్వండి. మొదటి శ్లాబు పడకముందే వాళ్ళు వచ్చి కొలవాలి. పడ్డాక కూల్చడం కష్టమని అందరికీ తెలుసు, కట్టేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ప్లాను నకలు చేతికొచ్చాక, మీ స్థలం కొలతలతో కలిపి నాకు పంపండి. మీ వైపు ఎంత వదలాలో లెక్క చూసి రాస్తాను.